తొలి బ్లాక్ హోల్స్‌కి వేసిన సీడ్ ఏది?

(సైన్స్ డే సాయంత్రం ఒంగోలులోని ఒక డిగ్రీ కాలేజీ ఆవరణలో విద్యార్థులు, టీచర్లు, ఊరి పెద్దల ముందు ఒక ఖగోళ పరిశోధకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి నాయనా, ఇక్కడ పట్టాలు పరిచారు.

ముందు వరసలో పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మీలో రొయ్యల గుంటలు చేసినవాళ్లు ఎంతమంది? సగం చేతులు లేచాయి. మా నాన్న కూడా చేశారు, కొత్తపట్నం వైపు, టైగర్ రొయ్య రోజుల్లో. రాత్రిపూట చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా లేదా అని టార్చి వేసి చూడటం చిన్నప్పుడు నా పని. నేను ఇప్పుడు చేస్తున్న పనికీ దానికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ పక్క గుంట రైతు వచ్చి, "సీడ్ వదిలి నలభై రోజులైంది, పట్టుబడి చేస్తే ముప్పై కౌంట్ వచ్చింది" అన్నాడనుకోండి. ఏమంటారు?

(సభలోంచి: "జరగదు!")

జరగదు. తెలియని పిల్లల కోసం చెప్తున్నా, సీడ్ అంటే గుంటలో వదిలే చిన్న రొయ్య పిల్ల, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. ముప్పై కౌంట్ అంటే బాగా ఎదిగిన రొయ్య, దానికి నెలలు పడుతుంది. కానీ ఆ రైతు అబద్ధమాడే మనిషి కాదు. మీరే గట్టు మీదికి వెళ్లి చూశారు, రొయ్య నిజంగానే అంత ఉంది. అప్పుడు మీకు మూడే అనుమానాలు వస్తాయి. వదిలింది చిన్న సీడ్ కాదు, ఎక్కడో నర్సరీలో పెంచిన పెద్ద పిల్ల అయి ఉండాలి. లేదంటే మనకు తెలియని మేతేదో వేసి ఉండాలి. రెండూ కాకపోతే కాటాలో తప్పుంది.

గత ఇరవై ఏళ్లకు పైగా ఖగోళ శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ మూడు అనుమానాలతోనే తలపట్టుకుని ఉన్నారు. గుంట ఈ విశ్వం. రొయ్య బ్లాక్ హోల్.

మన పాఠ్యపుస్తకాల్లో కృష్ణబిలం అంటారు. ఒక వస్తువును నొక్కి నొక్కి ఎంత చిన్నది చేస్తే దాని నుంచి కాంతి కూడా బయటికి రాలేదో, అది బ్లాక్ హోల్. భూమి మొత్తాన్ని అలా నొక్కితే గోలీకాయంత అవుతుంది. సూర్యుణ్ణి నొక్కితే 3 కిలోమీటర్ల వ్యాసార్ధం, అంటే మన ఊరంత. చాలామంది పిల్లలకు ఒక భయం ఉంటుంది, అది అన్నిటినీ లాగేసుకుంటుందని. ఈ క్షణం సూర్యుడి చోట అంతే బరువున్న బ్లాక్ హోల్ పెట్టినా భూమి ఇలాగే తిరుగుతుంది. వెలుగు ఉండదు, చలికి పోతాం, కానీ లోపలికి మాత్రం పడిపోము. బాగా దగ్గరికి వెళ్లినదే చిక్కుకుంటుంది.

పెద్ద నక్షత్రం చచ్చిపోతే మిగిలే బ్లాక్ హోల్ పది, ఇరవై సూర్యుళ్ల బరువు ఉంటుంది. వీటి సంగతి బాగానే తెలుసు. ఇవాళ నేను చెప్పేది వేరే జాతి. మన పాలపుంత నడిమధ్యలో, ఇక్కడికి సుమారు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో (కాంతి ఒక ఏడాదిలో వెళ్లే దూరమే ఒక కాంతి సంవత్సరం), 40 లక్షల సూర్యుళ్ల బరువున్న బ్లాక్ హోల్ ఉంది. దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించి ఈ సంగతి తేల్చినందుకే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. 2019 ఏప్రిల్‌లో పేపర్లలో నారింజ రంగు గారెలాంటి బొమ్మ వేశారు, గుర్తుందా? అది ఎం87 అనే గెలాక్సీ మధ్యలోది. 650 కోట్ల సూర్యుళ్ల బరువు.

సరే, 1380 కోట్ల ఏళ్ల విశ్వంలో అవి తీరిగ్గా పెరిగాయి అనుకుందాం. ఎం87 గురించి ఎవరికీ పెద్ద టెన్షన్ లేదు. టెన్షన్ అంతా దూరంగా ఉన్నవాటితోనే.

దూరం అంటే కాలం. బయటికి వెళ్లాక పిల్లలకోడిని చూపిస్తాను, కృత్తికలు అంటారే, అదే. ఇవాళ మన కంట్లో పడే దాని కాంతి అక్కడ బయల్దేరి సుమారు 440 ఏళ్లయింది. తళ్లికోట యుద్ధం చూసినవాళ్లు ఇంకా బతికి ఉన్న కాలం నాటి వెలుగు అది. ఎంత దూరం చూస్తే అంత పాత సంగతి కనబడుతుంది. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే మామూలు చుక్క లాంటిదాన్ని పరిశీలించి, అది నక్షత్రం కాదనీ, సుమారు 200 కోట్లకు పైగా కాంతి సంవత్సరాల అవతల నుంచి అంత వెలుగు ఇస్తోందనీ గుర్తించారు. వాటినే క్వేజార్లు అంటున్నాం. బ్లాక్ హోల్‌లోకి పడబోయే గ్యాస్ చుట్టూ సుడి తిరిగి, ఒరుసుకుని, వేడెక్కి వెలుగుతుంది. బిలం నల్లగానే ఉంటుంది. వెలిగేది దాని నోటి దగ్గరున్న మేత.

ఆ తర్వాత ఇంకా దూరపు క్వేజార్లు దొరుకుతూ వచ్చాయి. 2021లో ప్రకటించిన ఒకదాని పేరు జె0313-1806. పేరు ఫోన్ నంబరులా ఉంటుంది కానీ దాన్ని మరచిపోలేం. అది మనకు కనబడుతున్నది విశ్వం పుట్టిన 67 కోట్ల ఏళ్లకు. అప్పటికే దాని బరువు 160 కోట్ల సూర్యుళ్లు. నలభై రోజుల గుంటలో ముప్పై కౌంట్ అంటే ఇదే.

ఇప్పుడు లెక్క చేద్దాం. బోర్డు మీద రాస్తాను, ఇంటర్ పిల్లలు నాతో పాటు చేయండి.

బ్లాక్ హోల్ ఎంత పడితే అంత తినలేదు. తింటుంటే వెలుగు వస్తుందన్నాను కదా, ఆ వెలుగుకు తోసే బలం ఉంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలి మరీ గట్టిగా వీస్తే ఏమవుతుంది? పొల్లుతో పాటు గింజ కూడా ఎగిరిపోతుంది. అలాగే వెలుగు మరీ పెరిగితే లోపలికి రావాల్సిన గ్యాస్‌ను బయటికే తోసేస్తుంది. ఈ హద్దును లెక్కగట్టినవారు ఆర్థర్ ఎడింగ్టన్, అందుకే దీన్ని ఎడింగ్టన్ హద్దు అంటాం. ఆ హద్దు దాకా తింటూ పోతే బరువు రెట్టింపు కావడానికి సుమారు 3.5 కోట్ల ఏళ్లు పడుతుంది. అచ్చం చక్రవడ్డీ. అసలు ఎంత ఉంటే వడ్డీ అంత.

చచ్చిపోయిన తొలి తరం నక్షత్రం నుంచి 100 సూర్యుళ్ల బ్లాక్ హోల్ వచ్చిందనుకోండి. 100 నుంచి 160 కోట్లకు చేరాలంటే ఎన్ని సార్లు రెట్టింపు కావాలి? రాసుకోండి, 24 సార్లు. 24ని 3.5తో గుణిస్తే 84 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే 67 కోట్లు! అందులో తొలి నక్షత్రాలు పుట్టడానికే పది, ఇరవై కోట్ల ఏళ్లు పోయాయి. వయసు కన్నా పెంపకానికి పట్టే కాలం ఎక్కువ వస్తోంది. ఎంఎస్సీలో ఉండగా ఈ లెక్క మొదటిసారి పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని నోట్‌బుక్ వెనక అట్ట మీద చేశాను. మూడుసార్లు చేశాను, ఎక్కడో సున్నా తప్పు రాశానేమోనని. తప్పు లేదు. అప్పుడు పట్టుకున్నది ఈ సమస్య, ఇప్పటికీ వదలలేదు.

ఇప్పుడు మొదలు 100 బదులు లక్ష సూర్యుళ్ల నుంచి పెట్టండి. 14 రెట్టింపులు చాలు. 49 కోట్ల ఏళ్లు. ఒక్క పూట పస్తు లేకుండా తింటేనే, అయినా సరిపోతుంది. అంటే సీడే పెద్దదై ఉంటే చిక్కు విడిపోతుంది. ఇదీ మొదటి అనుమానం. మరి లక్ష సూర్యుళ్ల సీడ్‌ను ఎవరు తయారుచేశారు?

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన భాగం వస్తుంది, కొంచెం నిదానంగా చెప్తాను. ఆ తొలి రోజుల్లో గ్యాస్ అంటే హైడ్రోజన్, హీలియం, అంతే. మామూలుగా గ్యాస్ మేఘం ముడుచుకునేటప్పుడు చల్లబడుతుంది, చల్లబడితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్క ఒక్కో నక్షత్రం అవుతుంది. ఆ చల్లబరిచే పని చేసేది హైడ్రోజన్ అణువు, అంటే రెండు పరమాణువుల జంట. పక్కనే ఇంకో గెలాక్సీ అప్పుడే వెలిగి అతినీలలోహిత కిరణాలు కుమ్మరిస్తోందనుకోండి, ఆ కిరణాలు ఈ జంటల్ని విడగొట్టేస్తాయి. ఇక చల్లబరిచేవాడు లేడు. మేఘం సుమారు 8 వేల డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. అంత వేడిలో అది ముక్కలు కాలేదు.

వంటింట్లో అమ్మల్ని అడగండి. పాలు విరిగితే ముక్కలు ముక్కలుగా పోతాయి, సరిగ్గా తోడుకుంటే గిన్నె మొత్తం ఒకే గడ్డ అవుతుంది. ఈ మేఘం తోడుకున్నట్టు ఒక్క గడ్డగా కూలుతుంది. లక్ష సూర్యుళ్ల నక్షత్రమై, ఎంతో కాలం నిలవలేక, అదే బరువున్న బ్లాక్ హోల్ అవుతుంది. దీన్ని నేరుగా కూలడం అంటాం. భారీ సీడ్.

మధ్యేమార్గం కూడా ఉంది. కిక్కిరిసిన నక్షత్రాల గుంపులో ఒకదాన్ని ఒకటి ఢీకొని కలిసిపోయి వేల సూర్యుళ్ల సీడ్ రావచ్చు. దాని గురించి ఇవాళ ఎక్కువ చెప్పను.

కాగితం మీద ఇదంతా బాగుంటుంది, చూసిందెవరు అని అడగాలి. కోయంబత్తూరులో పుట్టి యేల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న ప్రియంవదా నటరాజన్ గారు, భారీ సీడ్ నిజమైతే అలాంటి పసి గెలాక్సీ ఎలా కనబడాలో సహచరులతో కలిసి 2017లోనే రాసి పెట్టారు. మామూలు గెలాక్సీల్లో నడుమ ఉన్న బ్లాక్ హోల్ బరువు నక్షత్రాల బరువులో వెయ్యో వంతు ఉంటుంది. భారీ సీడ్ పడిన పసి గెలాక్సీలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి అన్నారు. అప్పటికి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇంకా నేల మీదే ఉంది.

వెబ్ 2021 డిసెంబర్ 25న ఎగిరింది. 6.5 మీటర్ల అద్దం, బంగారు పూత వేసిన 18 పలకలు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో పని చేస్తోంది. 2023లో యూహెచ్‌జెడ్1 అనే గెలాక్సీ సంగతి బయటికి వచ్చింది. విశ్వానికి 47 కోట్ల ఏళ్లున్నప్పటిది. దాని కాంతి ఇక్కడికి వచ్చేసరికి 11 రెట్లు సాగిపోయింది, అందుకే పరారుణంలో చూసే వెబ్ కావాల్సి వచ్చింది. ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు మధ్యలో అడ్డుగా ఉండి, తన గురుత్వంతో భూతద్దంలా దాన్ని పెద్దది చేసి చూపించింది. మేత తినే బ్లాక్ హోల్ దగ్గర వచ్చే ఎక్స్-కిరణాల కోసం చంద్ర అనే అంతరిక్ష టెలిస్కోప్ అదే వైపు రెండు వారాలకు పైగా కళ్లార్పకుండా చూసింది. ఎక్స్-కిరణాలు దొరికాయి. బ్లాక్ హోల్ బరువు 1 కోటి నుంచి 10 కోట్ల సూర్యుళ్ల మధ్య అని తేలింది, గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిపితే ఎంతో ఇంచుమించు అంత. ముందు రాసిపెట్టిన గుర్తులకు అది సరిపోయింది. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చంద్ర టెలిస్కోప్ పేరు ఎవరిదో తెలుసు కదా? మనం ఇవాళ సైన్స్ డే చేసుకుంటున్నది 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ కనుగొన్నందుకు. ఆ రామన్ గారి అన్న కొడుకే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండ్ వెళ్లే ఓడలో కూర్చుని, ఒక హద్దు దాటిన నక్షత్రం కూలిపోకుండా నిలబడలేదని లెక్క వేశారు. 1935లో లండన్ సభలో ఆ లెక్కను అందరి ముందూ ఎగతాళి చేసిన పెద్దమనిషి ఎవరో కాదు, ఇందాక బోర్డు మీద రాసిన ఎడింగ్టనే. చంద్రశేఖర్ లెక్కే నిజమైంది, 1983లో నోబెల్ వచ్చింది. ఎడింగ్టన్ హద్దుతో సమస్య పుట్టింది, చంద్ర పేరున్న టెలిస్కోప్‌తో జవాబు వెతుకుతున్నాం. ఈ మాట క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు మారుతుంది, ఇప్పుడూ మారింది.

రెండో అనుమానం, మేత. ఎడింగ్టన్ హద్దు గోడ కాదు. గ్యాస్ అన్ని వైపుల నుంచీ సమానంగా రాకుండా మందపాటి చక్రంలా వస్తే, వెలుగు పైకీ కిందికీ పోతుంది, పక్కల నుంచి మేత వస్తూనే ఉంటుంది. 2024లో ప్రకటించిన ఎల్‌ఐడీ-568 ఆ హద్దుకు దాదాపు 40 రెట్లు తింటూ కనబడింది. విశ్వానికి 150 కోట్ల ఏళ్లున్నప్పటిది. జీఎన్-జెడ్11 ఇంకా పాతది, 43 కోట్ల ఏళ్ల నాటిది. బరువు 16 లక్షల సూర్యుళ్లే, కానీ హద్దుకు అయిదు రెట్లు తింటోందని అంచనా. అలాంటి తిండి అప్పుడప్పుడూ కొన్నాళ్లు దొరికినా చిన్న సీడ్ కూడా పెద్దది కాగలదు. ఎంతకాలం ఆ జోరు నిలుస్తుందన్నదే తేలాలి.

ఇక కాటా. ఇది వినడానికి చిన్న విషయంగా ఉంటుంది, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బ్లాక్ హోల్‌ను తూచడానికి ఎవరూ వెళ్లలేరు. చుట్టూ తిరిగే హైడ్రోజన్ గ్యాస్ వెలుగులో ఒక రంగు గీత ఉంటుంది. గ్యాస్ వేగంగా తిరిగితే ఆ గీత వెడల్పవుతుంది. వెడల్పును బట్టి వేగం, వేగాన్ని బట్టి బరువు. దగ్గరి గెలాక్సీల మీద ఈ పద్ధతిని సరిచూసుకున్నాం. తొలి విశ్వంలో కూడా ఇది అలాగే పనిచేస్తుందా?

మన చీమకుర్తి రాయిని గుర్తుచేసుకోండి. బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో ప్రపంచమంతా పోతుంది. నలుపు మీద మెరిసే బంగారు చుక్కలు. వెబ్ తీసిన ఫొటోలు అలాగే ఉంటాయి, వాటిలో అక్కడక్కడా చిన్న ఎర్ర చుక్కలు కనిపించాయి. వెబ్‌కు ముందు వాటి సంగతే తెలియదు. వాటి పేరు కూడా అదే పెట్టారు, చిన్న ఎర్ర చుక్కలు. గీతలు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి లోపల భారీ బ్లాక్ హోల్స్ ఉన్నాయన్నారు. కానీ ఎక్స్-కిరణాలు చాలావాటిలో కనబడవు. ఈ మధ్య ఇంకో ఆలోచన బలపడుతోంది, ఆ బ్లాక్ హోల్ చుట్టూ దట్టమైన హైడ్రోజన్ దుప్పటి ఉందని, అది ఒక పెద్ద నక్షత్రంలా వెలుగుతోందని. అదే నిజమైతే గీత వెడల్పులో కొంత భాగం తిరిగే వేగం వల్ల కాదు, వెలుగు ఆ దుప్పటిలో చెదరడం వల్ల వచ్చింది. అప్పుడు బరువులు తగ్గుతాయి. మనం పెద్ద రొయ్య అనుకున్నది తడిసిన గోనెసంచితో కలిపి తూచినదని తేలొచ్చు. అయినా జె0313 లాంటి క్వేజార్లు ఈ దారిలో తప్పించుకోలేవు. వాటి వెలుగే ఎక్కువ, అంత వెలుగుకు అంత బరువు ఉండాల్సిందే. కాబట్టి మొదటి రెండు అనుమానాలు ఎలాగూ మిగులుతాయి.

నా అభిప్రాయం అడిగితే, భారీ సీడ్ వైపే మొగ్గు. కానీ అన్ని గుంటల్లో ఒకే సీడ్ పడిందని నేను అనుకోను.

కాలేజీ పిల్లలకు ఒక మాట. ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే పని అనుకోకండి. 2015 సెప్టెంబర్ 28న మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ ఎగిరింది శ్రీహరికోట నుంచే. అప్పటికి అది నెల్లూరు జిల్లా, ఇక్కడ ఎందరో దాని రాకెట్ పొగను డాబా ఎక్కి చూసి ఉంటారు. 2024 జనవరి 1న అక్కడి నుంచే ఎక్స్‌పోశాట్ వెళ్లింది, బ్లాక్ హోల్స్ దగ్గరి ఎక్స్-కిరణాలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలవడానికి. పుణె దగ్గరి జీఎమ్ఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో పల్సర్లను, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో మెరుపులు పంపే చచ్చిన నక్షత్రాలను, గమనించే మన బృందంలో హైదరాబాద్ ఐఐటీ వాళ్లు ఉన్నారు. భారీ బ్లాక్ హోల్స్ జంటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్ల విశ్వమంతా సన్నగా అదురుతోందనడానికి 2023 జూన్‌లో ప్రపంచంలోని కొన్ని బృందాలు ఆధారాలు చూపించాయి, అందులో మనవాళ్లూ ఉన్నారు. వెబ్ డేటా గడువు తీరాక ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పైథాన్ అనే కంప్యూటర్ భాష కొంత, ఓపిక చాలా ఉంటే మీ హాస్టల్ గదిలో కూర్చుని ఆ ఎర్ర చుక్కల్ని తెరవచ్చు. నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్ని మొదటి వారం అదే చేయమంటాను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: "మేడమ్, గెలాక్సీ ముందు పుట్టి దాని మధ్యలో బ్లాక్ హోల్ వచ్చిందా, బ్లాక్ హోల్ ముందు పుట్టి దాని చుట్టూ గెలాక్సీ వచ్చిందా?")

చాలా మంచి ప్రశ్న అమ్మా. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్టుంది. కొన్నేళ్ల కిందట అయితే గెలాక్సీయే ముందు అని ధైర్యంగా చెప్పేవాళ్లం. ఇందాక చెప్పిన ఏబెల్ 2744 భూతద్దం వెనకే ఇంకో ఎర్ర చుక్క ఉంది, క్యూఎస్‌ఓ1 అంటారు. 2025లో దాని చుట్టూ గ్యాస్ తిరిగే తీరును నేరుగా కొలిచారు. గీత వెడల్పు మీద ఆధారపడకుండా తూచడం అన్నమాట. సుమారు 5 కోట్ల సూర్యుళ్లు వచ్చింది. దాని చుట్టూ ఉన్న నక్షత్రాలన్నీ కలిపినా అంత లేవు. చుట్టూ చెప్పుకోదగ్గ గెలాక్సీయే లేని బ్లాక్ హోల్! మహావిస్ఫోటం తర్వాత మొదటి క్షణాల్లోనే కొన్ని పుట్టి ఉండొచ్చని 1971లో స్టీఫెన్ హాకింగ్ రాశారు, దీన్ని చూశాక ఆ ఆలోచనను కూడా మళ్లీ బయటికి తీశారు. ఒక్క చుక్కతో తీర్పు చెప్పలేం. ఇలాంటివి ఇంకా కొన్ని దొరకాలి. నువ్వు ఏం చదువుతున్నావమ్మా? బీఎస్సీ ఫిజిక్సా? వెళ్లేముందు నీ మెయిల్ ఐడీ ఇచ్చి వెళ్లు.

(ముందు వరసలో ఒక పెద్దాయన: "అంత తిండి తిన్నవి ఇప్పుడెందుకు ఊరకున్నాయి తల్లీ? మన పాలపుంతలోది వెలగదేం?")

మేత అయిపోయింది బాబాయ్ గారూ. తొలి రోజుల్లో గ్యాస్ దండిగా ఉండేది, గెలాక్సీలు దగ్గరదగ్గరగా ఉండి ఢీకొనేవి, మేత మధ్యలోకి వచ్చి పడేది. తర్వాత కొంత గ్యాస్ నక్షత్రాలైపోయింది, కొంతను ఆ బ్లాక్ హోల్స్ వెలుగే బయటికి తోసేసింది. మన పాలపుంతలోది ఇప్పుడు దాదాపు పస్తుంటోంది. ఎప్పుడైనా కాస్త గ్యాస్ జారి పడితే ఎక్స్-కిరణాల్లో ఒక మెరుపు మెరుస్తుంది, అంతే. చెక్ ట్రే మీద ఏమీ మిగలని గుంట అది.

బయట మన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు టెలిస్కోప్ పెట్టారు. పిల్లలకోడి పడమటికి వాలకముందే వెళ్దాం పదండి. చిన్నపిల్లల్ని ముందు చూడనివ్వండి.